ముప్పావు సెకను

వీడియో మొత్తం ముప్పై ఎనిమిది సెకన్లు. ఊర్మిళ దాన్ని పదిహేడోసారి చూస్తోంది.

మెట్ల కింద స్టాండు మీద నిలబెట్టిన ఫోను తీసిన వీడియో అది. మొదలవుతూనే పైన మలుపు దగ్గర రిచర్డ్ వెనక్కి పడిపోతూ కనిపిస్తాడు. ఆయనకు రెండు మెట్లు కింద టెంట్ హౌస్ బిక్షం, కుడిచెయ్యి చాచి ఉంటాడు. రిచర్డ్ దొర్లుకుంటూ కింది మెట్టు దాకా వస్తాడు. బిక్షం ఆయన్ను దాటుకుని దూకి, కెమెరా పక్కనుంచి బయటికి పరిగెత్తుతాడు. చివర్లో వీడియో తీసే జెఫ్రీ చెయ్యి వచ్చి ఫోను ఆపేస్తుంది. అంతే. చూసినవాళ్ళెవరైనా బిక్షమే తోశాడంటారు. ఇన్‌స్పెక్టర్ హరికిషన్ అయితే అనడమే కాదు, కాగితం మీద రాసేశాడు కూడా.

శనివారం ఉదయం పదకొండూ నలభై రెండుకి, లాలాగూడలోని ఈ ఫంక్షన్ హాల్లోనే జరిగిందిది. ఆ రోజు రిచర్డ్ కూతురు జెరూషాకి ప్రధానం. పెళ్ళికొడుకు పాల్ ఉంగరం తొడగకముందే పెళ్ళికూతురి తండ్రి తల పగిలి ఆస్పత్రిలో చేరాడు. ఇవాళ సోమవారం. ఆయనకింకా స్పృహ రాలేదు. బిక్షాన్ని నిన్న సాయంత్రం ఐదింటికి అరెస్టు చేశారు. ఇవాళ ఐదు లోపల మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. హత్యాయత్నం కేసు. ఒకసారి రిమాండుకి వెళ్ళాడంటే ఆ మనిషి మళ్ళీ ఎప్పుడు బయటికొస్తాడో చెప్పడం కష్టం. ఇప్పుడు టైము ఒంటిగంటా నలభై.

"గిన్నిసార్లు జూస్తే అండ్ల బొమ్మ మారుతదా మేడమ్?" అంది కమలాబాయి. బిక్షం భార్య. ఊర్మిళను పెట్టుకున్నది ఆమే.

"మారదు కమలక్కా. కానీ మొదట ఏదో తక్కువైనట్టు ఉంది. అదేంటో తేలట్లేదు. ఆయన ఏం చెప్పాడో ఇంకోసారి చెప్పు."

"సీరియల్ లైట్లు కడుతున్నడంట. పిల్ల దిగొచ్చేటప్పుడు రైలింగు మెరవాలెగదా. పైన ఏదో గట్టిగ మాటలినబడ్డయంట. తలెత్తి జూస్తే గోడ పక్కకెల్లి ఒక చెయ్యి వచ్చిందంట. గా చెయ్యే తోసిందంట. పట్టుకుందామని ఈయన చెయ్యి జాపిండు, అందలే. మందిని పిలవనీకి బయటికి ఉరికిండంట. గీ మాట ఇన్‌స్పెక్టర్ సాబ్‌కు జెప్తే నవ్విండు. చెయ్యికి మనిషి ఉండడా అన్నడు."

"పొద్దున గొడవైందటగా?"

"కర్టెన్లు ఎలిసిపోయినయని రిచర్డ్ సార్ కోపం జేసిండు. గది నిజమే, నేను అబద్ధమాడ. గంత దానికి మనిషిని తోస్తడా? ముప్పై ఏండ్ల సంది గీ లాలాగూడల అందరి పెండ్లిళ్ళకు, సావులకు కుర్చీలేసిండు. కుర్చీ ఇరగ్గొట్టినోన్ని సుత ఒక్క మాట అనలే." ఏడవడానికి కూడా టైము లేదని ఆమెకు తెలుసు. కొంగుతో ముక్కు తుడుచుకుని గోడకు జరిగి నిలబడింది.

ఊర్మిళ పదేళ్ళు పోలీసు ల్యాబులో వీడియోలు పరీక్షించి, అక్కడి పెద్దలతో పొసగక బయటికొచ్చి, సైనిక్‌పురిలో ఇంటి ముందుగదికి డిటెక్టివ్ బోర్డు తగిలించుకున్న మనిషి. ఎదుటివాళ్ళ ముఖాలకంటే వస్తువులను ఎక్కువ నమ్ముతుంది. ఆమె మెట్లెక్కడం మొదలుపెట్టింది. కింద నుంచి మలుపు దాకా పన్నెండు మెట్లు. రైలింగుకి తొమ్మిదో ఊచ దాకా లైట్ల తీగ బిగుతుగా కట్టి ఉంది. పదో ఊచకి ఒక చుట్టు మాత్రం చుట్టి ఉంది, ముడి లేదు. మిగిలిన తీగంతా కిందికి జారి వేలాడుతోంది. పదో మెట్టు మీద ఒక బల్బు నలిగి పొడైపోయింది.

ఆమె ఆ చుట్టుని విప్పి, మళ్ళీ చుట్టి చూసింది. ఒక చేత్తో కుదిరే పని కాదు. ఒక చెయ్యి తీగను లాగి పట్టాలి, రెండోది చుట్టాలి. మనిషిని తోయడానికి వెళ్ళేవాడు రెండు చేతులా పని పెట్టుకుని వెళ్ళడు. అయితే ఇది నమ్మకమే తప్ప సాక్ష్యం కాదు. హరికిషన్ దీన్ని ఒక్క మాటతో కొట్టిపారేస్తాడు.

మలుపులో గోడ మూల ఉంది. ఆ మూల వెనక నిలబడితే కింద కెమెరాకి కనపడరు. అక్కడి నుంచి వరండా, దాని పక్కన పెళ్ళికూతురు ముస్తాబైన గది, ఇంకా ముందుకెళితే హాల్లోకి దిగే ముందువైపు మెట్లు. ఊర్మిళ వాచీ చూసుకుంటూ మామూలు నడక నడిచింది. ముప్పై ఒక్క సెకన్లు. తోసినవాళ్ళు ఇటునుంచి వెళ్ళి, జనం అరిచే వేళకి జనంలోనే నిలబడి ఉండొచ్చు.

"వందనాలమ్మా."

ఊర్మిళ ఉలిక్కిపడింది. ముస్తాబు గదిలోంచి ఒక పెద్దావిడ బయటికొచ్చింది. అరవైకి దగ్గర్లో ఉంటుంది. గంజి పెట్టిన నేత చీర, నిటారు నడక, చేతిలో ఉంగరాల పళ్ళెం. పెళ్ళికొడుకు పాల్‌ని పెంచిన మేనత్త సువార్త.

"శనివారం హడావిడిలో ఇవన్నీ ఇక్కడే వదిలేశాం. మీరేనా ఆ బిక్షం తరఫున వచ్చిన ఆవిడ? తప్పుగా అనుకోకండి, అతని కోసం కూడా నేను ప్రార్థన చేస్తున్నాను."

"మంచిదండీ. పదకొండూ నలభై రెండుకి మీరెక్కడున్నారు?"

సువార్త నవ్వింది. "కింద, ముందు వరసలో. పాటల పుస్తకాలు పంచుతున్నాను. నూటయాభై మంది చూశారు."

నూటయాభై మంది చూశారంటే, గట్టిగా అడిగితే ఒక్కరు కూడా చూసి ఉండరని ఊర్మిళ అనుభవం. "రిచర్డ్‌గారు ఆ ఉదయం కూతురితో ఒక మాట అన్నారట. ఉంగరం ఇప్పుడే వద్దు, పావుగంట ఆగమని. ఎందుకో మీకు తెలుసా?"

"ఆడపిల్ల తండ్రి కదమ్మా, బెంగ." తడుముకోలేదావిడ. "నిన్న గుళ్ళో మొదటి ప్రకటన కూడా చదివించేశాం. ఆగితే అశుభం అనుకుంటారు జనం. ఇంకో రెండు ఆదివారాలు చదివితే అయిపోతుంది."

చర్చిలో వరసగా మూడు ఆదివారాలు పెళ్ళి ప్రకటన చదువుతారు. అడ్డు చెప్పేవాళ్ళుంటే ఆలోపే చెప్పాలి. ఈ పెళ్ళికి అడ్డు చెప్పాలనుకున్న మనిషి ఒక్కడే ఉంటే, అతను స్పృహ లేకుండా మంచం మీద పడి ఉంటే? ఊర్మిళకు ఆ తొందర నచ్చలేదు. కానీ తొందరపడే అత్తలందరూ హంతకులైతే ఊళ్ళో జైళ్ళు చాలవు.

సువార్త అరచెయ్యి వెల్లకిలా తిప్పి టైము చూసుకుంది. "రెండూ పది. మూడింటికి రిచర్డ్ బ్రదర్ దగ్గర నా వంతు. ఐసీయూలో మనవాళ్ళని కూర్చోనివ్వరని నేనే డాక్టరుతో మాట్లాడి విడిగదికి మార్పించాను. ముప్పై ఏళ్ళు నర్సుగా చేసినదాన్ని, ఆ మాత్రం చేయలేనా? పాపం జెరూషా రెండు రాత్రులుగా కునుకు తీయలేదు."

ఆవిడ వెళ్ళిపోయింది. మెట్లు దిగేటప్పుడు కమలాబాయి భుజం తట్టి మరీ వెళ్ళింది.

రెండూ ఇరవైకి ఊర్మిళ పిలిపించిన జెఫ్రీ మెట్లెక్కి వచ్చాడు, వెనకే కమలాబాయి. ముప్పై అయిదేళ్ళ మనిషి. ఈ చుట్టుపక్కల క్రైస్తవుల ఇళ్ళల్లో శుభకార్యమంటే కెమెరా ఇతనిదే. కూర్చోమంటే కూర్చోలేదు.

"నేను స్టేషన్ల అంతా చెప్పేసిన మేడమ్. పాప మెట్లు దిగొచ్చే షాట్ కోసం రెండో ఫోను కింద పెట్టిన. ఆన్ చేసి వెళ్ళిన. వచ్చి ఆఫ్ చేసిన. గంతే."

"ఆన్ చేసింది నీ చేత్తోనే?"

"మరి?"

"ఆ ఫోనుతో ఆ రోజు తీసినవి పదకొండు వీడియోలు జెరూషాకి పంపావు. చూశాను. పదకొండూ మొదట్లో ఒకసారి ఊగుతాయి."

"బటన్ నొక్కితే స్టాండు ఊగుతది మేడమ్. చీప్ స్టాండు."

"పన్నెండోది ఎందుకు ఊగలేదు?"

జెఫ్రీ నోరు తెరిచేలోపే కింద బూట్ల చప్పుడైంది. ఇన్‌స్పెక్టర్ హరికిషన్ రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చాడు.

"నమస్తే మేడమ్! డిపార్ట్‌మెంట్ వదిలి నాలుగేండ్లయింది, ఆదత్ మాత్రం పోలే. నా సాక్షిని నువ్వెట్ల పిలిపిస్తవ్? అడగాలెగద."

"అడిగితే రానివ్వరు కదా హరికిషన్‌గారూ."

"రానియ్య." అతను ఒప్పుకోవడానికి సిగ్గుపడలేదు. "నాలుగేండ్ల కింద గూడ గిట్లనే ఒక వీడియోల ఏదో దాగుందని ఆర్నెల్లు నన్ను పరేషాన్ చేసినవ్. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది."

"ఎలుకైతే దొరికింది కదా. కోర్టులో మీరు దాన్ని చూపించలేదంతే."

హరికిషన్ ముఖం గంటు పెట్టుకున్నాడు. "ఇది కట్ చేసిన వీడియో అంటవ్, అంతేనా? మా టెక్నికల్ రిపోర్టు ఉంది. క్వాలిటీ ఒక్క ఇసుమంత తగ్గలే. ఒరిజినల్ ఎట్లుందో అట్లనే ఉంది. ఎడిట్ చేసిన వీడియో ఐతే మసకబారుతది. గిది మసకబారలే. ఖతం."

ఊర్మిళ జెఫ్రీ వైపు తిరిగింది. "మసకబారలేదా? నాకు బాగానే మసకగా కనిపిస్తోంది. ఫోన్ గ్యాలరీలో కత్తిరించి పంపి ఉంటావు. హడావిడిలో ఎవరైనా అంతే చేస్తార్లే, నీ తప్పు కాదు."

"గ్యాలరీలనా?" జెఫ్రీ చెంప మీద కొట్టినట్టు తలెత్తాడు. "మేడమ్, గ్యాలరీల కట్ చేస్తే మళ్ళ కంప్రెస్ అయితది. స్కిన్ టోన్ పోతది, చీర జరీ పోతది. పన్నెండేండ్ల సంది ఫీల్డుల ఉన్న, నేను సచ్చినా అట్ల చెయ్య. నా యాప్ వేరే. దాంట్ల ఎక్కడ కట్ చేసినా ఒక్క పిక్సెల్ సుత…"

అక్కడ ఆగాడు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాడు గానీ, అప్పటికే ఆలస్యమైపోయింది. కమలాబాయి గోడ దగ్గర నుంచి రెండడుగులు ముందుకొచ్చింది.

"కట్ చేసినవా బిడ్డా?" అని మెల్లగా అడిగింది. తిట్టి ఉంటే జెఫ్రీ తట్టుకునేవాడే.

"ముందు భాగమే అక్కా," అన్నాడతను తల దించుకుని. "ఒక పెద్దావిడ అడిగింది. పాప గది తలుపు దాంట్ల పడ్డది, ఆడపిల్లలు చీరలు మార్చుకుంట అటూ ఇటూ తిరిగిన్రు, గవన్నీ పోలీసోల్ల చేతుల పడితే మర్యాదనా అన్నది. నిజమే అనిపించింది. ఆమెనే ఫోన్ పట్టుకుని ఇక్కడి నుంచి ఉంచు అని చూపించింది. గ్యాలరీల నొక్కబోయింది, నేనే ఆపిన. ఇటియ్యండి, క్వాలిటీ పోతది, నేను చేస్తా అన్న. కట్ చేసి, పాతది డిలీట్ కొట్టిన. ఆడపిల్లలున్నరంటే నేను ముందు భాగం చూడలే. ప్రభువు తోడు, చూడలే."

"ఎవరామె?"

"మాటిచ్చిన మేడమ్. మర్యాద కోసం అడిగింది, ఆమెనెందుకు ఇరికించాలె?"

"ఐతే ఇంకేముంది?" హరికిషన్ చేతులు దులుపుకున్నాడు. అయినా గొంతులో ఇందాకటి ధీమా లేదు. "పాతది డిలీట్ అయింది. ఫోన్ మా దగ్గరనే ఉంది, అన్ని తీర్ల వెతికినం, రాలే. కట్ చేసిన ముక్క ఇగ దొరకదు."

"మొత్తం దొరకదు. కొసరు దొరుకుతుంది." ఊర్మిళ అతని ఎదురుగా మెట్టు మీద కూర్చుంది. "మీకు పొడుగైన ప్యాంటు టైలర్‌కిస్తే ఏం చేస్తాడు? గుడ్డ కత్తిరించడు. లోపలికి మడిచి కుడతాడు. బయటికి పొట్టిగానే ఉంటుంది. గుడ్డ మాత్రం లోపల అలాగే ఉంటుంది. వీడియోలో ప్రతి బొమ్మా పూర్తి బొమ్మ కాదు హరికిషన్‌గారూ. సెకనుకి ఒక్కటే పూర్తిది. మిగతా ఇరవై తొమ్మిదీ ముందు బొమ్మ నుంచి ఏం మారిందో చెప్పేవి. పూర్తి బొమ్మ తీసేస్తే వెనకవాటికి దిక్కుండదు. అందుకని క్వాలిటీ పోకుండా కత్తిరించే యాప్ ఏదైనా, మనం చూపించిన చోట కత్తెర వెయ్యలేదు. దానికి ముందున్న పూర్తి బొమ్మ దాకా వెనక్కి వెళ్ళి, అక్కడి నుంచి అంతా ఫైల్లో ఉంచి, చూపించేటప్పుడు మాత్రం ఇక్కడి నుంచి చూపించు అని ఒక గుర్తు రాస్తుంది. ముందున్నది మడతలో ఉంటుంది."

"ఉంటే ఇంతసేపూ ఎందుకు తియ్యలే?"

"నా దగ్గరున్నది వాట్సాప్‌లో వీడియోగా చేతులు మారి వచ్చింది. వాట్సాప్ మళ్ళీ వండి పంపుతుంది, మడత ఊడిపోతుంది. జెఫ్రీ, నువ్వు సార్‌కి ఎలా పంపావు?"

"డాక్యుమెంట్ లాగ." అంత తలవంపులోనూ అతని గొంతులో గర్వం తొంగి చూసింది. "నేనెప్పుడూ వీడియోగా పంప. క్వాలిటీ పోతది."

ఇద్దరూ హరికిషన్ జేబు వైపు చూశారు.

అతను వెంటనే ఇవ్వలేదు. టైము చూసుకున్నాడు. రెండూ నలభై. "ఇస్తే ఏమైతది? దాంట్ల ఏం లేకపోతే?"

"లేకపోతే ఈ కేసు జోలికి మళ్ళీ రాను. మీ రిపోర్టు కరెక్టని రాసి సంతకం పెడతాను."

"రాసిస్తవా? చల్." నవ్వుతూ ఫోను అందించాడు. ఆ బేరం అతనికి బాగా నచ్చింది.

ఫైలు లాప్‌టాప్‌లోకి ఎక్కింది. ఊర్మిళ ఆ గుర్తుని పక్కన పెట్టమని ప్రోగ్రామ్‌కి చెప్పి, ఫైల్లో నిజంగా ఎన్ని బొమ్మలున్నాయో లెక్కించమంది. చూపించే బొమ్మలు పదకొండు వందల నలభై. ఉన్న బొమ్మలు పదకొండు వందల అరవై రెండు.

ఇరవై రెండు ఎక్కువ. ముప్పావు సెకను కూడా నిండదు. రెప్ప రెండుసార్లు పడేంత సేపు.

హరికిషన్ నవ్వు ఆగిపోయింది. ఎవరూ పిలవకుండానే అందరూ లాప్‌టాప్ చుట్టూ చేరారు.

మొదటి బొమ్మ. పదో మెట్టు మీద బిక్షం, రెండు చేతుల్లో లైట్ల తీగ, తల పైకెత్తి చూస్తున్నాడు. మలుపు అంచున రిచర్డ్, వీపు సగం ఇటువైపు. ఆయన భుజం మీద, గోడ మూల నుంచి వచ్చిన ఒక చెయ్యి.

కమలాబాయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "చెయ్యి," అంది. "జెప్పిండుగద. చెయ్యి అని జెప్పిండుగద సార్!"

నాలుగో బొమ్మలో రిచర్డ్ మడమ లేచింది. తొమ్మిదోదానికి చెయ్యి వెనక్కి పోవడం మొదలైంది. పద్నాలుగులో గోడ దగ్గర ఎవరూ లేరు. పద్దెనిమిదిలో బిక్షం చేతుల్లోంచి తీగ జారుతోంది. ఇరవై రెండులో అతని కుడిచెయ్యి రిచర్డ్‌ని అందుకోవడానికి లేచింది. ఇరవై మూడు నుంచి లోకమంతా చూసిన వీడియో.

"బిక్షం కాదు," అన్నాడు హరికిషన్. ఆ రెండు మాటలూ అతనికి ఎంత బరువో ఊర్మిళకు తెలుసు. "ఐతే ఎవరు? చెయ్యి ఒక్కటి చూసి ఎట్ల పట్టాలె? పైన ఆడోల్లు నలభై మంది ఉన్నరు."

ఊర్మిళ ఆరో బొమ్మకి వెనక్కి వెళ్ళింది. పెద్దది చేసింది. జెఫ్రీ చాదస్తం పుణ్యమా అని బొమ్మ ఏమాత్రం చెదరలేదు. చీర అంచు దారాలు కూడా కనిపిస్తున్నాయి. కెమెరా కింద ఉంది కాబట్టి చెయ్యి అడుగువైపు పడింది. మామూలుగా అక్కడ నరాలు తప్ప ఏమీ కనపడవు. ఇక్కడ గుండ్రంగా, తెల్లగా వాచీ బిళ్ళ ఉంది. ముళ్ళతో సహా.

మణికట్టు లోపలివైపు వాచీ. నాడి పట్టుకుని సెకన్లు లెక్కపెట్టేవాళ్ళు కట్టుకునే తీరు. ఇందాక అరచెయ్యి వెల్లకిలా తిప్పి టైము చూసుకున్న చెయ్యి.

ఊర్మిళ ముందే ఆవిడ టైము చూసుకుంది. కళ్ళారా చూసీ పట్టించుకోనందుకు ఊర్మిళకు తన మీద తనకే మండిపోయింది.

"జెఫ్రీ. నిన్నడిగింది సువార్తగారేనా?"

జెఫ్రీ స్క్రీను మీద నుంచి చూపు తిప్పుకోలేకపోయాడు. మాటిచ్చిన సంగతి మరిచిపోయి తలూపాడు.

"హరికిషన్‌గారూ, రిచర్డ్ గది దగ్గర కానిస్టేబులున్నాడా?"

అతను ఫోను లాక్కుని నంబరు నొక్కడం మొదలుపెట్టాడు. "పొద్దుగాల తీసేసిన," అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా. "ముద్దాయి లాకప్‌ల ఉంటే కాపలా ఎందుకని."

ఆస్పత్రి రిసెప్షన్ ఎత్తలేదు. మళ్ళీ కొట్టాడు. ఎత్తలేదు. ఊర్మిళ లాప్‌టాప్ చంకన పెట్టుకుని మెట్లు దిగుతూ జెరూషాకి ఫోన్ చేసింది. టైము మూడూ ఎనిమిది. రెండో రింగుకే ఎత్తిందా పిల్ల. వెనక ఆటో చప్పుడు. గొంతులో సంతోషం పొంగిపోతోంది.

"మేడమ్! నేనే చేద్దామనుకుంటున్నా. డాడీ కళ్ళు తెరిచారు!"

"ఎప్పుడు? నువ్వెక్కడున్నావు?"

"ఇందాకే. మాట రావట్లేదు కానీ నన్ను గుర్తుపట్టారు. అప్పుడే సువార్త ఆంటీ కూడా వచ్చింది. డాడీ ఆంటీ చేతి వాచీనే చూస్తూ, వేలితో చూపిస్తున్నారు. టైము అడుగుతున్నారని, మూడయింది డాడీ అని చెప్పా. వినకుండా మళ్ళీ మళ్ళీ అదే చూపిస్తున్నారు. పేషెంటుని అలిసిపోనివ్వకూడదు, నువ్వు ఇంటికెళ్ళి పడుకో, నేను తలుపేసుకుని చూసుకుంటానంది ఆంటీ. ఇప్పుడే బయల్దేరా."

"జెరూషా, ఆటో వెనక్కి తిప్పించు. ఇప్పుడే."

"ఎందుకు మేడమ్? డాడీకి బానే ఉంది. నేను వచ్చేస్తుంటే నా చెయ్యి వదల్లేదు, ఏడ్చేశారు. సంతోషం పట్టలేక అనుకుంటా."